మూడడుగుల బోరులో ఫైటర్ చేప

గౌడవెల్లి నుంచి లాల్‌గడి మలక్‌పేట్ దాకా ఏ బోరులో మోటరు ఎన్ని అడుగుల కింద ఉందో ఒకప్పుడు నాకు నోటికి వచ్చేది. ఎవరింట్లో పిల్లలెందరో గుర్తుండేది కాదు గానీ, వాళ్ల బోరుకు కేసింగ్ ఎంత, పైపులెన్ని అంటే తడుముకోకుండా చెప్పేవాణ్ని. ఎనిమిదో తరగతి మధ్యలో బడి వదిలేసి బోరు మోటర్లు దింపే పనిలో చేరాను. నేను బడి వదిలేశానని నేనంటాను. బడే నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుందని మా లెక్కల సారు అనేవాడు. ఇద్దరి మాటా నిజమే అయి ఉండొచ్చు.

మా పనిలో ఉన్న నమ్మకం ఒకటే, లోతు. ఆ రోజుల్లో మేడ్చల్ చుట్టుపక్కల నీళ్లు ఏడాదికేడాది కిందికి దిగిపోతున్నాయి. ఎవరు వచ్చి ఏ కష్టం చెప్పుకున్నా మా దగ్గరున్న మందు ఇంకో రెండు పైపులు దింపడం. నీళ్లు తగ్గాయా, దింపు. బురద వస్తోందా, దింపు. మోటరు కాలిందా, పైకి తీసి, బాగు చేసి, ఈసారి ఇంకాస్త కిందికి దింపు. లోతును అడుగుల్లో, నీళ్లను ఇంచుల్లో కొలిచే మనుషులం. అడుగులు ఎంత పెరిగితే చెప్పేటప్పుడు గొంతు అంత లేచేది. ఇంచుల దగ్గరికొచ్చేసరికి దగ్గు వచ్చేది.

అలాంటి వాడి ఇంటికి ఒక చేప వచ్చింది. నా భార్య వెంట వచ్చింది.

పెళ్లయ్యాక పదహారు రోజుల పండుగ చేసి, పేట్ బషీరాబాద్‌లోని అత్తగారింటి నుంచి ఆమెను గౌడవెల్లికి తీసుకొచ్చాం. ఆమె బట్టలు కుట్టేది. జీపు వెనక ఆమె కుట్టుమిషన్ ఎక్కింది. ముందు ఆమె ఎక్కింది, ఒళ్లో వెడల్పు మూతి పచ్చడి సీసా పట్టుకుని. జీపు గుంతలో పడ్డప్పుడల్లా పక్కన కొత్త పెళ్లికొడుకు తల తడుముకుంటుంటే ఆమె సీసా వైపు చూసింది. సీసాలో బొటనవేలంత ఫైటర్ చేప ఉంది. ఒళ్లు నీలం, రెక్కలు ఎరుపు, తోక చూస్తే పట్టుచీర కుచ్చిళ్లు నీళ్లలో వదిలినట్టు ఉంటుంది. పెళ్లికి ఏడాది ముందు నుంచి ఆమె మిషన్ పక్కనే పెట్టుకుని పెంచిందట.

బయలుదేరే ముందు గుమ్మం పక్కకు పిలిచి నాతో ఒక మాట అంది.

"ఇది మీ ఇంట్ల బతుకదంటే ఇప్పుడే చెప్పు. అమ్మ దగ్గర్నే ఇడిచిపెడ్త. ఆడికొచ్చినంక సచ్చిపోతే మాత్రం నేనూకోను."

"ఏంది బతుకకపోవుడు? నీళ్ల పని జేసేటోని ఇంట్ల చేప బతుకదా?" అన్నాను.

అది నేను ఆమెకు ఇచ్చిన మొదటి మాట. పెళ్లిలో పంతులు చెప్పించినవి నేను లెక్కలోకి తీసుకోలేదు, అవి నాకు అర్థం కాలేదు. ఇది మాత్రం తెలుగులో, తెలివిలో ఉండి ఇచ్చాను.

మా ఇంట్లో అప్పటిదాకా నేను, మా అవ్వ ఇద్దరమే. అవ్వ సీసాను వెలుతురులోకి జరిపి చాలాసేపు చూసింది.

"గిదేంది బిడ్డా, కూరకు జాలదు."

"తినేది గాదవ్వా, సూసేది."

"సూసేదైతే నీ మొగుణ్ణి సూడరాదు? నీళ్లు మార్చే పని గూడ లేదు."

నేను కొత్తగా కట్టిన ముందర గదిలో సీసా కుట్టుమిషన్ మీదికి చేరింది. పొద్దున లేవగానే ఆమె నాలుగు మేత గింజలు వేసేది. ముందు రోజు కడవలో పట్టి ఉంచిన నీళ్లతో సగం సీసా మార్చేది. వేలు చూపిస్తే చేప మూతి దగ్గరికి వచ్చి ఆ వేలు వెంట తిరిగేది. నేను చూపిస్తే రెక్కలు విప్పి, చెంపలు ఉబ్బించి యుద్ధానికి వచ్చేది. దాని పేరే ఫైటర్ కదా అని నేను కూడా చెంపలు ఉబ్బించేవాణ్ని. మొత్తానికి ఇల్లు బాగానే నడుస్తోంది.

ఒక రోజు మోటరు తీయాలని పిలవడానికి షామీర్‌పేట నుంచి ఒక తోట పెద్దమనిషి వచ్చాడు. కూర్చుని టీ తాగుతూ సీసా చూశాడు.

"ఏమయ్యా, ఊరందరికి నీళ్లు దెచ్చిస్తవు, నీ చేపకు సీసెడు నీళ్లేనా?"

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. నాకు మాత్రం టీ దిగలేదు. ఆ సాయంత్రమే తొట్టి చేయిస్తానని ప్రకటించాను.

"చేపిస్తే మంచిదే," అంది నా భార్య, గుడ్డ మీది నుంచి తల ఎత్తకుండా. "గాని ఎడల్పుండాలె, లోతొద్దు. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటది."

నేను మంచం మీద పడి నవ్వాను. ఎనిమిదేళ్ల చదువులో నాకు ఒక్క వాక్యం గుర్తుంది. లేచి నిలబడి, బడిలో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని అప్పజెప్పాను. "చేపలు మొప్పల ద్వారా శ్వాసించును."

"నేను పది పాసయిన," అంది ఆమె.

"గీ పాఠం చెప్పిన్నాడు నువ్వు బడికి పోలేదేమో."

ఆమె మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. దాన్ని నేను నా గెలుపుగా రాసుకున్నాను. నాకు తెలిసిన ఒకే ఒక్క పాఠం, ఇన్ని చేపలుండగా, ఈ చేప దగ్గరే సగం చెల్లదని నాకేం తెలుసు.

మేడ్చల్‌లో అద్దాల చాచా ఒకాయన ఉండేవాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టడం, కిటికీలకు అద్దాలు కోయడం, ఎవరైనా అడిగితే చేపల తొట్లు అతకడం ఆయన పని. చెవి మీది పెన్సిల్ తీసి కొలతలు అడిగాడు. పొడవు అడుగు అన్నాను. వెడల్పు అడుగు అన్నాను.

"ఎత్తు?"

"మూడడుగులు."

చాచా రాయకుండా పెన్సిల్ మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. "అరె భయ్, ఇది మఛ్లీకా, ఒంటెకా?"

"మఛ్లీకే చాచా. ఫైటర్. ఒక్కటే."

"ఫైటర్‌కు ఇంత లోతెందుకు బేటా? అడ్డం పెట్టు. నిలువు పెడితే పరేషాన్ అయితది."

"లోతుంటెనే నీళ్లు సల్లగుంటయ్. నువ్వు అద్దం కొయ్యి చాచా, నీళ్ల సంగతి నాకిడువు."

"కోస్త. నాదేం పోతది," అన్నాడు చాచా. ఏదో షోరూం కిటికీ తీసేసినప్పుడు వచ్చిన మందపాటి అద్దం బయటికి లాగాడు. "మూడడుగుల నీళ్లకు పల్చటి అద్దం ఆగదు. నీ అకల్ ఎట్లున్నా, తొట్టి పగలొద్దు."

తొట్టి పైపుల బండి మీద ఇంటికి వచ్చింది. ఇక అడుగున ఏం పరచాలి? అక్కడ కూడా నా వృత్తి నాకు అడ్డం పడింది. బోరు చుట్టూ కంకర పోస్తే నీళ్లు వడకట్టుకుంటాయని మా లెక్క. షామీర్‌పేట వైపు క్రషర్ దగ్గరికి వెళ్లి, అప్పుడే పగిలిన గ్రానైట్ ముక్కలు, ఎండలో తళతళ మెరిసేవి, ఏరి ఏరి బస్తాకెత్తాను. మెరిసేది వాటి అంచు. ఆ అంచుకే నా వేలు రెండు చోట్ల తెగింది. నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ మిగిలినవి ఏరాను. తెగిన వేలు ఏం చెబుతోందో వినే అలవాటు నాకు లేదు.

నాలుగించుల కంకర, దాని మీద నిండా నీళ్లు. బోరు వేసే ముందు పాయింటు మీద కొబ్బరికాయ కొట్టడం మా పద్ధతి. తొట్టికీ కొట్టాను. అద్దానికి మూడు వైపులా పసుపు రాసి కుంకుమ పెట్టాను. అవ్వ అగరొత్తి ముట్టించింది. నా భార్య సీసా పట్టుకుని నిలబడి తొట్టిలోకి చూసింది.

"లోతు మస్తుగున్నది," అంది. అంతే అంది.

చేప తొట్టిలోకి జారింది. అడుగు దాకా దిగింది, పైకి వచ్చింది, మళ్లీ దిగింది.

"సూసినవా ఎంత ఖుషీగున్నదో," అన్నాను.

"ఖుషీ గాదు. తొవ్వ ఎతుక్కుంటున్నది."

వారం తిరిగేసరికి ఆ ఖుషీ ఏమిటో నాకూ కనిపించడం మొదలైంది. గింజలు పైన తేలేవి, చేప కింద ఉండేది. అది ఆ బరువు తోకను ఈడ్చుకుంటూ పైకి వచ్చేసరికి గింజలు నాని కిందికి వెళ్లిపోయేవి. మధ్య దారిలో రెండూ ఎదురుపడేవి, పలకరించుకోకుండా పోయేవి. కంకర సందుల్లో ఇరుక్కున్న గింజలు కుళ్లి, ఇల్లంతా ఆదివారం చేపల బజారు వెనక వాసన. నిండా నీళ్లు మారుద్దామంటే ఎన్ని బిందెలు. పైకి వచ్చి నోరు తెరిచి ఒక గుక్క పీల్చుకుని, చేప మళ్లీ రాయిలా కిందికి పడేది. కంకర మీద పక్కకు ఒరిగి పడుకునేది.

"మూడంతస్తుల మేడెక్కిచ్చి దించుతున్నవురా దాన్ని," అంది అవ్వ. "నాకు మన గడప దాటితేనే మోకాళ్లు పట్టుకుంటయ్."

నా భార్య అద్దానికి ముఖం ఆనించి చేప రెక్కలు చూసేది, కస్టమరు తెచ్చిన చీరను చూసినట్టు. "అంచు చినిగింది. పోగులు లేసినయ్," అనేది. రోజుకో కొత్త చిరుగు.

నా వైద్యం నేను చేశాను. కదలిక లేని నీళ్లలో బలం ఉండదని కూలర్ మోటరు తీసి తొట్టిలో వేశాను. చేప బట్టలుతికే మిషన్‌లో జేబురుమాలులా గిరగిరా తిరిగింది. ఆమె వచ్చి ప్లగ్గు పీకింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. మాటలన్నీ అవ్వ మీదుగా నడిచేవి.

"అవ్వా, తింటడా అడుగు."

"తింటవారా?"

"తింట అని చెప్పవ్వా."

"తింటడట. చారు గావాల్నా అని గూడ నేనే అడగాల్నా, నువ్వడుగుతవా?"

ఒక ఆదివారం పొద్దున ఆమె సంచి సర్దింది. "అవ్వా, అమ్మింటికి పోతున్న. చేపను గూడ తీస్కపోత," అని సీసా కడిగి తెచ్చింది.  చేపతో వెళ్లే మనిషి తిరిగి వచ్చే లెక్కలో వెళ్తున్నట్టు లేదు.

తీసుకుపోవాలంటే ముందు చేపను తీయాలి. చేప కంకర మీద ఒరిగి ఉంది. ఆమె చెయ్యి పెట్టింది, సగానికే అందింది. నేను చొక్కా విప్పి భుజం దాకా పెట్టాను. ఇంకా జానెడు దూరం. కర్రకు టీ వడపోసే జాలీ కట్టి దింపాను. చేప బెదిరి కంకర సందులోకి దూరింది.

"అట్ల పొడువకు. ఇంకింత చినుగుతది," అంది ఆమె. ఎన్నో రోజుల తరువాత నేరుగా నాతో అన్న మాట.

వందల అడుగుల కింద ఇరుక్కున్న మోటర్లను పైకి లాగినవాణ్ని. మూడడుగుల నీళ్లలో బొటనవేలంత చేప అందటం లేదు. స్టూలు ఎక్కి, తలా చెయ్యీ కలిపి నీళ్లలో పెట్టాను. చెవుల్లోకి నీళ్లు పోయాయి. కళ్లు తెరిస్తే మసకగా చేప కనిపించింది, నావైపే చూస్తున్నట్టు. చెయ్యి చాపుతుండగానే ఊపిరి అయిపోయింది. పైకి లేచాను. మళ్లీ మునిగాను. మళ్లీ లేచాను. మూడోసారి లేచి తొట్టి అంచు పట్టుకుని రొప్పుతుంటే, మంచం మీది నుంచి అవ్వ అడిగింది.

"ఎందుకురా మాటిమాటికి పైకొస్తున్నవ్?"

"గాలి కోసమవ్వా. సస్తున్న."

"మరి దానికేమైతున్నదనుకున్నవ్?"

నీళ్లు ముక్కు మీది నుంచి కారుతున్నాయి. నా భార్య ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో అడిగే ధైర్యం నాకు లేదు. సరిగ్గా అప్పుడే చేప కంకర మీది నుంచి లేచింది. నిదానంగా, తోక ఒక పక్కకు వేలాడుతుండగా, పైకి రావడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చింది. ఆగింది. అలాగే వెనక్కి కిందికి జారిపోయింది.  

బయటికి పరిగెత్తి చెట్లకు నీళ్లు పెట్టే రబ్బరు పైపు తెచ్చాను. ఒక కొస తొట్టిలో దింపి, రెండో కొస నోటితో లాగి వాకిట్లో పడేశాను. నేను కొబ్బరికాయ కొట్టి పూజ చేసిన నీళ్లు, కుళ్లిన గింజల నీళ్లు నోటి నిండా వచ్చాయి. ఉమ్మేసి తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. నీళ్లు దిగుతున్నాయి. మూడడుగులు రెండయ్యాయి. రెండు ఒకటిన్నర. చేప ఉన్నచోటే ఉంది. నీళ్ల పైభాగమే దాని దగ్గరికి దిగి వస్తోంది. కంకర మీద ఎనిమిదించులు మిగిలేసరికి చేప తల కొంచెం ఎత్తింది, తోక రెండుసార్లు ఆడించింది, నోరు పైకి ఆనించి ఒక గుక్క పీల్చుకుంది. ఇంకో గుక్క. పైపు మడిచి పట్టుకున్నాను.

"గింతే సాలు," అంది నా భార్య.

పైపుల మీద గుర్తు పెట్టుకోవడానికి నా జేబులో ఎప్పుడూ నల్ల టేపు ఉంటుంది. నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ అద్దం చుట్టూ అంటించాను. ఇప్పుడు పైకి తేలిన చేప చేతికి అందింది. చెంబు ముంచితే తనే లోపలికి వచ్చింది. సీసాలో పోసుకుని, చెంగు కప్పుకుని ఆమె బస్సెక్కింది. ఎక్కే ముందు చెప్పింది.

"తొట్టి సక్కగ చేపియ్యి. కింద రాళ్లు దీసెయ్యి. ఏం పోసినా ముందు నాకు సూపియ్యి. చేప బతికితే, తొట్టి బాగుంటే, చేప వస్తది. చేప వస్తే నేనొస్త."

తొట్టిని మళ్లీ పైపుల బండి ఎక్కించి మేడ్చల్ తీసుకెళితే చాచా దాని చుట్టూ తిరిగి చూశాడు. టీ తెప్పించాడు, తాగాడు, గ్లాసు కింద పెట్టి అప్పుడు నవ్వాడు. కళ్లు తుడుచుకుని బ్లేడు తీసుకున్నాడు.

"నువ్వు నిలబెట్టినవ్. మనం పండబెడుదాం. కొత్త అద్దం గూడ అక్కర లేదు."

నిలువు అద్దాల్లో ఒకటి ఊడదీసి తొట్టిని అడ్డంగా పడుకోబెట్టాడు. ఊడదీసిన దాంట్లోంచి అడుగు ముక్క కోసి, ఇంతకుముందు నోరున్న వైపు మూసేశాడు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఇంకా రెండడుగుల ముక్క మిగిలింది.

"ఇది మూత. ఫైటర్ దుంకుతది. మొత్తం మూయకు, గాలి రావాలె," అన్నాడు. నేను తలూపాను. గాలి సంగతి నాకిప్పుడు బాగా తెలుసు.

మిగిలింది అడుగున పరిచేది. మొదట క్రషర్ పొడి పొట్లం కట్టుకుని పేట్ బషీరాబాద్ వెళ్లాను. చేతిలో పొట్లం చూసి అత్తమ్మ ముఖం వెలిగింది.

"ఏం దెచ్చినవ్ బిడ్డా?"

"ఉసికె అత్తమ్మా."

ఆమె చాప వేసే పని మానేసి లోపలికి వెళ్లిపోయింది. నా భార్య పొట్లం విప్పి, పళ్లెంలో పరిచి, మిషన్ కింది డబ్బాలోంచి జారుడు పట్టు పీలిక ఒకటి తీసి దాని మీద మెల్లగా ఈడ్చింది. పీలిక ఎత్తి వెలుతురులో చూసింది. పోగులు లేచాయి. "తోక గూడ గిట్లనే అయితది," అని పొట్లం నా చేతిలో పెట్టింది. రెండోసారి తెల్ల పాలరాతి ముక్కలు తీసుకెళ్లాను, టైల్సు పనివాళ్లు పారేసినవి. మళ్లీ పోగులు. మూడోసారి మేస్త్రీ జల్లెడ కింద పడ్డ సన్న ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి తీసుకెళ్లాను. ఎన్ని బకెట్లు కడిగానంటే మా అవ్వ, "బియ్యం గూడ ఎన్నడు గిట్ల కడుగలేదు గదరా," అంది. పట్టు పీలిక ఇసుక మీద అటూ ఇటూ తిరిగింది. వెలుతురులో పెడితే ఒక్క పోగు లేవలేదు.

"చేపెట్లున్నది?" అని అప్పుడు అడిగాను. ముందు అడగడానికి భయపడ్డాను.

"తింటున్నది. నిన్నటి సంది రెక్కలు ఇప్పుతున్నది," అంది ఆమె. లేచి సంచి, చేప సీసా తీసుకుంది. లోపలి నుంచి అత్తమ్మ, "ఇంత ఉసికెకే పోతవా?" అంది.

ఇంటికొచ్చాక ఆమే ఇసుక పోసి, అరచేత్తో రెండు వేళ్ల మందం సర్దింది. ఇసుక చెదరకుండా పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోసింది. జానతో కొలిచింది. చిటికెన వేలు ఇసుక మీద, బొటనవేలు నీళ్ల అంచున. అక్కడ నేను నల్ల టేపు వేశాను. తొట్టిలో పైన ఇంకా జాగా ఉంది. ఖాళీ చూస్తే నా చెయ్యి ఊరుకోదు.

"ఇంకో రెండించులు..."

ఆమె నావైపు చూసింది.

"పొయ్యనులే," అన్నాను.

సీసాలోంచి వదిలాక చేప పది రోజులు ఆ మూల నుంచి ఈ మూలకు తీరిగ్గా తిరిగింది. ఎక్కడున్నా తల ఎత్తితే గాలి. వేసిన గింజ కింద పడ్డా ఇసుక మీద కనబడుతుంది, వచ్చి ఏరుకుంటుంది. చిరుగుల అంచున పల్చగా, రంగు లేకుండా కొత్త రెక్క రావడం ఆమె నాకు చూపించింది, రఫ్ఫు చేసిన చోటు చూపించినట్టు.

ఒక పొద్దున పనికి వెళ్లబోతూ చూస్తే నీళ్ల మీద ఒక మూల తెల్లటి నురగ పేరుకుంది.  నీళ్లు పాడయ్యాయి, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. నా భార్య చూడకముందే తీసేద్దామని గ్లాసు పట్టుకుని వంగాను. నా మణికట్టు మీద ఆమె చెయ్యి పడింది.

"తియ్యకు. అది ఇల్లు కట్టుకుంటున్నది. బుడగలూది కడ్తది, ఆడచేప వస్తే గుడ్లు పెట్టుకోనీకి. మనసు మంచిగుంటేనే కడ్తది."

"ఒక్కటే చేప. ఆడచేప యాడున్నది? ఎవరు రాకముందే ఇల్లెందుకు కట్టినట్టు?" అన్నాను.

మంచం మీది నుంచి అవ్వ అందుకుంది. "పెండ్లి కుదరకముందే పెండ్లానికని నువ్వు ముందర కొత్త అర్ర కట్టినవ్ గదరా. అప్పుడు నేనేమన్నన్నా?"

నేను గ్లాసు తీసుకెళ్లి కడిగి బోర్లించాను.